సేల్ అగ్రీడ్ అయింది, కాంట్రాక్టు మాత్రం రాదు: ఐర్లండ్‌లో ఇల్లు ఎక్కడ ఆగుతోంది?

లూకన్_లోగిలి | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. "ఆఫర్ ఒప్పుకున్నారు, బుకింగ్ డిపాజిట్ కట్టేశాం, ఏజెంటు 8 నుంచి 12 వారాలన్నాడు, పదకొండో వారం వచ్చినా కాంట్రాక్టు లేదు." సేల్ అగ్రీడ్ (ధర మాటల్లో కుదిరింది, కాంట్రాక్టు ఇంకా కాలేదు) దగ్గరే ఆగిన ఈ మాట ఇక్కడ నెలకోసారైనా ఎవరో ఒకరు అడుగుతున్నారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా జవాబులు రాసే బదులు అన్నీ ఒకేచోట పెడదాం. కాగితం ఎవరి బల్ల మీద ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, కదలాలంటే ఎవరిని ఏమడగాలి? పాత ఇళ్ల సంగతి మాత్రమే. కొత్త ఎస్టేట్లకి వేరే థ్రెడ్ ఉంది. ఎవరి కష్టాలు వాళ్లు చెప్పుకోవడం కాకుండా పని వివరాలు రాయండి ప్లీజ్.

ఫోలియో_పురుగు | సోమవారం, రాత్రి 9:48

ముందు ఒక పొరపాటు తీసేద్దాం. బుకింగ్ డిపాజిట్ మన బయానా కాదు. మన దగ్గర బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే, అమ్మేవాడు మాట తప్పితే కోర్టుకెళ్లే దారి ఉంటుంది. ఇక్కడ ఏజెంటుకి కట్టే 5 వేలో 10 వేలో యూరోలు అతని క్లయింట్ ఖాతాలో ఊరికే కూర్చుంటాయి. కాంట్రాక్టు మీద రెండు వైపులా సంతకాలు పడేదాకా ఎవరైనా తప్పుకోవచ్చు, ఆ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. సొలిసిటర్ల (ఆస్తి కాగితాలు చూసే లాయర్ల) ఉత్తరాల నెత్తిన "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్, కాంట్రాక్ట్ డినైడ్" అని ఉండేది అందుకే. మధ్యలో ఇంకెవరో ఎక్కువిస్తానంటే అమ్మేవారు అటు మొగ్గినా చట్టం అడ్డు చెప్పదు. గజంపింగ్ అంటారు దాన్ని. అంటే ఆలస్యమైన ప్రతి వారం ఇల్లు చేజారడానికి వీలున్న వారమే.

వరస ఇలా ఉంటుంది. ఏజెంటు ఇరువైపుల సొలిసిటర్లకీ ధర, పేర్లు రాసిన నోటు పంపుతాడు. అమ్మేవారి సొలిసిటర్ దస్తావేజులు తెప్పించుకుని, కాంట్రాక్టు రాసి, రెండు ప్రతులు పంపాలి. కొనేవారి సొలిసిటర్ టైటిల్ (యాజమాన్య హక్కు) చూసి ప్రశ్నలు వేయాలి, అటునుంచి జవాబులు రావాలి. తర్వాత కొనేవారు సంతకం చేసి, ధరలో 10 శాతం (ముందు కట్టిన బుకింగ్ డిపాజిట్ మినహాయించి) పంపుతారు. చివరికి అమ్మేవారు సంతకం చేసి ఒక ప్రతి తిప్పి పంపుతారు. ఆ ప్రతి తిరిగొచ్చిన రోజే ఇల్లు కుదిరినట్టు. అంతవరకు పెళ్లిచూపులే.

గోదారి_గట్టు | సోమవారం, రాత్రి 10:05

అయితే పదకొండు వారాలకీ రెండో మెట్టు ఎక్కలేదంటే అమ్మేవాళ్ల సొలిసిటర్ నిద్రపోతున్నట్టేగా? రోజూ ఫోన్ చేసి లేపడమే మందు.

కాగితాల_కట్ట | సోమవారం, రాత్రి 11:20

నిద్రపోయేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఎక్కువసార్లు ఆ సొలిసిటర్ చేతిలో రాయడానికి ఏమీ ఉండదు. అమ్మేవారికి ఇంటి మీద అప్పుంటే దస్తావేజుల కట్ట బ్యాంకు దగ్గర ఉంటుంది. దాన్ని తెప్పించే పద్ధతికి అకౌంటబుల్ ట్రస్ట్ రిసీట్ అని పేరు. "ఈ కట్ట మీ తరఫున నా దగ్గర ఉంచుకుంటాను, అప్పు తీర్చకుండా ఎవరికీ ఇవ్వను" అని సొలిసిటర్ బ్యాంకుకి రాసిచ్చే హామీ అది. దానికి ముందు అప్పు తీసుకున్నవాళ్లందరూ అనుమతి పత్రం మీద సంతకం చేయాలి. భార్యాభర్తలిద్దరి పేరున అప్పుంటే ఇద్దరూ చేయాలి. బ్యాంకు ఆ కట్టను గోడౌన్ నుంచి తీయించి పంపడానికి వారాలు పడుతుంది.

ఇందులో తప్పేవి ఏమిటంటే: అనుమతి పత్రం మీద ఒక్కరి సంతకమే ఉండి బ్యాంకు తిప్పి పంపడం. విడిపోయిన దంపతుల్లో ఒకరు సంతకానికి బిగదీయడం. టాప్-అప్ అప్పు కోసం తెరిచిన రెండో ఖాతా నంబరు రాయకపోవడం. అన్నిటికంటే ఎక్కువ తిప్పలు అప్పు చేతులు మారినప్పుడు. అల్స్టర్ బ్యాంకు, కేబీసీ ఐర్లండ్ వదిలి వెళ్లాక వాటి గృహరుణాలు వేరే సంస్థలకు మారాయి. కొన్ని బ్యాంకులు పాత రుణాలను ఫండ్లకు అమ్మేశాయి. ఇప్పుడు కట్ట ఎవరి దగ్గరుందో తేలడానికే రెండు ఉత్తరాలు పడతాయి.

కాబట్టి గట్టు గారూ, "ఏమైంది, ఏమైంది" అని రోజూ ఫోన్ చేస్తే వచ్చే జవాబు "చూస్తున్నాం" ఒక్కటే. మీ సొలిసిటర్ చేత అటువైపు ఒకే ఈమెయిల్ రాయించండి. దస్తావేజులు బ్యాంకుని ఏ తేదీన అడిగారు? వచ్చాయా? రాకపోతే బ్యాంకు అడిగిన అదనపు కాగితం ఏమిటి? తేదీ అడిగితే తేదీ చెప్పాలి. "ఇంకా అడగలేదు" అని తేలినా మంచిదే, అప్పుడు ఏజెంటును ముందుకు తోయండి. అమ్మకం జరిగితేనే అతనికి కమిషన్. అమ్మేవారి మీద అతని మాట పనిచేసినట్టు మన మాట పనిచేయదు.

నావన్_నేస్తం | మంగళవారం, ఉదయం 7:35

ఒక సందేహమండి. ల్యాండ్ రిజిస్ట్రీ వాళ్ల ల్యాండ్‌డైరెక్ట్ సైట్లో 5 యూరోలు కడితే ఫోలియో (ఆ ఆస్తి రికార్డు) వెంటనే వస్తుంది. యాజమాన్యం అంతా అందులోనే ఉంటే బ్యాంకు కట్ట కోసం ఎందుకు కాచుకోవాలి?

ఫోలియో_పురుగు | మంగళవారం, ఉదయం 8:15

మంచి ప్రశ్న. ఫోలియోలో మూడు భాగాలుంటాయి. మొదటిది ఆస్తి ఏదో, ఫ్రీహోల్డా (శాశ్వత హక్కు) లీజ్‌హోల్డా (గడువున్న లీజు) చెబుతుంది (నంబరు చివర ఎఫ్ ఉంటే ఫ్రీహోల్డ్, ఎల్ ఉంటే లీజ్‌హోల్డ్, మొదట్లో డీఎన్ ఉంటే డబ్లిన్). రెండోది యజమాని ఎవరో చెబుతుంది. మూడోదే ముఖ్యం: బర్డెన్లు, అంటే తాకట్టులు, కోర్టు తీర్పుల వల్ల పడ్డ భారాలు, ఇతరులకున్న దారి హక్కులు. మన ఈసీ చూసే కన్నుతో మూడో భాగం చూడండి. దాంతోపాటు మ్యాపు కూడా తీసుకోండి. ఎర్రగీత లోపలిది ఆస్తి, పసుపుది దారి. ఇంకో మాట, ఆ ఎర్రగీత అంగుళాల లెక్కలో హద్దు తేల్చదు. 1964 రిజిస్ట్రేషన్ ఆఫ్ టైటిల్ చట్టమే మ్యాపును హద్దులకు తుది రుజువుగా ఒప్పుకోదు. గీత పక్కింటి గ్యారేజీని కోస్తూ పోతుంటే మాత్రం కాంట్రాక్టుకి ముందే సర్వేయర్‌ని పంపాలి.

ఫోలియో చూపించేది యాజమాన్యం వరకే. ఎస్టేటు కట్టినప్పటి ప్లానింగ్ అనుమతి, ఆర్కిటెక్ట్ సర్టిఫికెట్లు, రోడ్లు కౌన్సిల్ అధీనంలోకి వచ్చినట్టు ఉత్తరం, గతంలో ఇల్లు చేతులు మారినప్పటి ఫ్యామిలీ హోమ్ డిక్లరేషన్లు (భార్య లేదా భర్త ఒప్పుకోలుకి సంబంధించినవి) ఇవేవీ అందులో ఉండవు. అవన్నీ బ్యాంకు కట్టలో ఉంటాయి. అందుకే కట్ట రావాలి.

ఇది ల్యాండ్ రిజిస్ట్రీ ఇంటి సంగతి. పాత డబ్లిన్, కార్క్ ఇళ్లలో ఇంకా రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ టైటిలే ఉన్నవి చాలా ఉన్నాయి. 1707లో పెట్టిన ఆ రిజిస్ట్రీ దస్తావేజు ఉందని నమోదు చేస్తుందే గానీ యజమాని ఎవరో హామీ ఇవ్వదు. అక్కడ మన భాషలో లింకు డాక్యుమెంట్లు కావాలి. 2009 చట్టం ప్రకారం కనీసం 15 ఏళ్ల నాటి మూలపత్రం నుంచి వరుస తెగకుండా చూపించాలి. అసలు దస్తావేజు ఒక్కటి పోయినా అఫిడవిట్లు, ఇన్సూరెన్సు, బ్యాంకు ఒప్పుకోలు అంటూ పని పెరుగుతుంది. డబ్లిన్, కార్క్ కౌంటీల్లో 2011 జూన్ 1 నుంచి అమ్మిన ఆస్తి ఏదైనా ల్యాండ్ రిజిస్ట్రీలో చేర్చాలి గనక, ఆ తర్వాత ఒక్కసారైనా చేతులు మారిన ఇల్లయితే ఈ బాధ తక్కువ. ప్రకటనలో "నలభై ఏళ్లుగా ఒకే కుటుంబం" అని చూస్తే ఏజెంటుకి అది గొప్ప, సొలిసిటర్‌కి అది రెండు నెలల పని.

పాత లీజ్‌హోల్డ్ ఇళ్లలో లీజు ఇంకా ఎన్నేళ్లుందో మొదటి రోజే అడగండి. 70 ఏళ్ల కంటే తక్కువ మిగిలితే బ్యాంకు సాధారణంగా ఒప్పుకోదు. గ్రౌండ్ రెంట్ (నేల అద్దె) చట్టాల కింద అమ్మేవారు ఫ్రీహోల్డ్ కొనేసుకోవచ్చు, కానీ దానికీ కాలం పడుతుంది.

లూకన్_లోగిలి | మంగళవారం, మధ్యాహ్నం 1:02

పదేళ్ల కిందట ఇంత లేదు, కాంట్రాక్టు రెండు మూడు వారాల్లో సంతకమయ్యేదని పాతవాళ్లంటారు. నిజమేనా?

కాగితాల_కట్ట | మంగళవారం, సాయంత్రం 6:40

నిజమే, దానికి కారణమూ ఉంది. 2019 జనవరి నుంచి లా సొసైటీ (సొలిసిటర్ల సంఘం) అమ్మకపు షరతులు మారాయి. అంతకుముందు కాంట్రాక్టు మీద సంతకాలయ్యాక టైటిల్ ప్రశ్నలు వేసేవారు. ఇప్పుడు టైటిల్ పరిశీలన అంతా సంతకానికి ముందే జరగాలి. సంతకం పెట్టాక గొడవలు తగ్గాయి, అది మేలే. కానీ మొత్తం బరువు కాంట్రాక్టుకి ముందు వారాల మీద పడింది, కొనేవారికి రక్షణ లేని వారాలు సరిగ్గా అవే.

నా అభిప్రాయం: మార్పు మంచిదే, సగమే జరిగింది. ప్రశ్నలు ముందుకు జరిపారు గానీ, అమ్మేవారు కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలన్న నియమం దానికి తోడు రాలేదు. ఇల్లు అమ్మకానికి పెట్టడానికి చట్టం గట్టిగా అడిగేది ఒక్క బీఈఆర్ (ఇంటి ఎనర్జీ రేటింగ్) సర్టిఫికెట్టే. ఇల్లు శుభ్రం చేసి, లావెండర్ కొవ్వొత్తులు వెలిగించి ఫొటోలు తీస్తారు, దస్తావేజులు మాత్రం సేల్ అగ్రీడ్ అయ్యాక అడుగుతారు.

మేస్త్రి_మాట | మంగళవారం, రాత్రి 8:30

ఎక్స్‌టెన్షన్ల సంగతి నేను రాస్తాను, సర్వే రిపోర్టుల్లో ఎక్కువ రచ్చ అక్కడే.

ఇంటి వెనక వేసిన గదికి ప్లానింగ్ అనుమతి అక్కర్లేదని ఏజెంటు చులాగ్గా అంటాడు. మినహాయింపు ఉన్న మాట నిజం, కానీ దానికి కొలతలున్నాయి. 2001 ప్లానింగ్ నిబంధనల ప్రకారం ఇంతకుముందు వేసినవన్నీ కలుపుకుని 40 చదరపు మీటర్లు దాటకూడదు. ఎక్స్‌టెన్షన్ వేశాక ఇంటి వెనక 25 చదరపు మీటర్ల ఖాళీ జాగా మిగలాలి. సెమీ డిటాచ్డ్ గానీ వరస ఇల్లు గానీ అయితే పై అంతస్తులో వేసింది 12 చదరపు మీటర్లకు మించకూడదు. కింది అంతస్తు కిటికీ ఎదుటి హద్దుకి కనీసం 1 మీటరు, పై అంతస్తుదైతే 11 మీటర్లు దూరం ఉండాలి. ఇందులో ఒక్కటి తప్పినా మినహాయింపు పోయినట్టే. కట్టిన ఏడాదిలో అమల్లో ఉన్న నియమమే చూడాలి సుమా. మరీ పాతవాటికి హద్దు 40 కంటే తక్కువ.

ఒక లెక్క చేసి చూద్దాం. 1998లో వంటగది వెనక్కి జరిపి 16 చదరపు మీటర్లు కలిపారు. 2012లో ఇంకో యజమాని 28 చదరపు మీటర్ల సన్‌రూమ్ వేశాడు. విడివిడిగా రెండూ చిన్నవే. కలిపితే 44. ఇప్పుడు రెండోది అనుమతి లేని కట్టడం. మధ్య యజమానికి ఈ సంగతి తెలియదు, అతని కాంట్రాక్టరుకి అసలే తెలియదు.

ఎక్స్‌టెన్షన్ ఉన్న ఏ ఇంటికైనా దారి రెండు. కొలతల లోపలే ఉంటే ఆర్కిటెక్టో ఇంజినీరో వచ్చి కొలిచి, ప్లానింగ్, బిల్డింగ్ నిబంధనలు రెండింటికీ సరిపోయిందని సర్టిఫికెట్ ఇస్తారు. ఒకటి రెండు వారాల పని. దాటితే కౌన్సిల్లో రిటెన్షన్ పర్మిషన్ (కట్టేసినదాన్ని ఉంచుకోవడానికి అనుమతి) వేయాలి. నిర్ణయానికి 8 వారాలు, ఆపైన అప్పీలుకి 4 వారాలు. కౌన్సిల్ అదనపు సమాచారం అడిగితే ఇంకా సాగుతుంది. "ఏడేళ్లు దాటింది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు" అని అమ్మేవాళ్లు అంటుంటారు. ఏడేళ్ల తర్వాత కౌన్సిల్ కూల్చమనలేదేమో గానీ ఆ కట్టడం సక్రమమైపోదు. బ్యాంకు ఆ తేడా పట్టుకుంటుంది.

అటక గదుల సంగతి విడిగా చెప్పాలి. ప్రకటనలో "నాలుగు పడకగదులు" అని రాసి, ప్లానులో "అటక, స్టోరేజీ" అని ఉంటే కొనేది మూడు పడకగదుల ఇల్లే. మూడో అంతస్తులో మనిషి పడుకోవాలంటే మెట్లదారికి అగ్ని నుంచి రక్షణ, ఫైర్ డోర్లు, పొగ అలారాలు కావాలి. చాలావాటిలో నిట్టనిలువు మెట్లూ ఒక వెలక్స్ కిటికీ (పైకప్పులో పెట్టేది) తప్ప ఏమీ ఉండవు. కిటికీ రోడ్డువైపు ఉంటే ప్లానింగ్ తగువు అదనం. దానికి సర్టిఫికెట్ తెమ్మని నెలలు కాచుకునే కంటే, స్టోరేజీ ధరకే బేరం ఆడడం మేలు.

నావన్_నేస్తం | మంగళవారం, రాత్రి 8:52

పైరైట్ గురించి కూడా ఒక మాట చెప్పండి మేస్త్రి గారూ.

మేస్త్రి_మాట | మంగళవారం, రాత్రి 9:20

నేల కింద నింపిన రాళ్లలో పైరైట్ ఉంటే ఉబ్బి గచ్చు పైకి లేస్తుంది, తలుపులు బిగుసుకుంటాయి, గోడల మూలలు చీలతాయి. 2000 తర్వాతి దశాబ్దంలో డబ్లిన్, మీత్, కిల్డేర్ ప్రాంతాల్లో కట్టిన కొన్ని ఎస్టేట్లలో ఇది బయటపడింది. బాగుచేసిన ఇంటికి ఐ.ఎస్. 398 ప్రమాణం కింద సర్టిఫికెట్ ఉండాలి. పక్కింటికి చేశారు, ఈ ఇంటికి చేయలేదు అంటే పరీక్ష ఫలితమైనా కావాలి. డోనెగాల్, మేయోలో సమస్య వేరు, అక్కడ గోడల దిమ్మెలే చెడ్డవి. ఆ కౌంటీల్లో మామూలు సర్వేతో సరిపెట్టుకోకండి.

వడ్డీ_లెక్క | బుధవారం, ఉదయం 10:15

అందరూ అమ్మేవైపు ఆలస్యాలే రాస్తున్నారు. ఆ ఆలస్యం కొనేవారి అప్పును ఎలా తినేస్తుందో కూడా చూడండి. బ్యాంకు కాగితాలన్నిటికీ గడువులుంటాయి. అప్రూవల్ ఇన్ ప్రిన్సిపుల్ (ఇంత అప్పు ఇవ్వగలమని బ్యాంకు ముందుగా ఇచ్చే మాట) మామూలుగా 6 నెలలు. వాల్యుయేషన్ రిపోర్టు చాలా బ్యాంకుల దగ్గర 4 నెలలు. దాటితే మళ్లీ ఫీజు కట్టి మళ్లీ చేయించాలి. లోన్ ఆఫర్‌కి వేరే గడువు. మూడు గడియారాలు మూడు రకాలుగా తిరుగుతుంటాయి. అందుకని సేల్ అగ్రీడ్ అయిన మర్నాడే వాల్యుయేషన్ చేయించకండి. అమ్మేవారి దస్తావేజులు వచ్చాయని తెలిశాక చేయించండి. (కొన్ని బ్యాంకులు వాల్యుయేషన్ లేకుండా లోన్ ఆఫర్ ఇవ్వవు. అప్పుడు తప్పదు.)

ఈలోగా ఉద్యోగం మారడం, కారు లోను తీసుకోవడం, క్రెడిట్ కార్డు మీద ఇంటికి ఫర్నిచర్ కొనడం వద్దు. డబ్బు విడుదలకి ముందు మీ పరిస్థితి మారిందా అని బ్యాంకు మళ్లీ చూడొచ్చు. సెంట్రల్ బ్యాంకు నియమాల్లో మొదటిసారి కొనేవారికి ఆదాయానికి 4 రెట్లు, ధరలో 90 శాతం వరకే అప్పు. ఆ అంచున ఉన్నవాళ్లకి చిన్న కారు లోనే ఇంటిని ముంచుతుంది.

జీవిత బీమా చివరికి వదిలేస్తారు, అది పెద్ద తప్పు. 1995 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప మార్ట్‌గేజ్ ప్రొటెక్షన్ పాలసీ (మనిషి పోతే ఇంటి అప్పు తీర్చే బీమా) తప్పనిసరి. షుగరు, బీపీ, థైరాయిడ్ ఏదున్నా కంపెనీ మీ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) నుంచి మెడికల్ రిపోర్టు అడుగుతుంది, ఆ రిపోర్టు రావడానికే నెల పట్టొచ్చు. మన ఇళ్లలో షుగరు లేని కుటుంబం ఎక్కడుంది? ఆఫర్ పెట్టిన వారమే పాలసీకి అప్లై చేయండి. ప్రీమియం మొదలుపెట్టకుండా ఆమోదం మాత్రం తెచ్చుకుని ఉంచుకోవచ్చు.

కారిగలైన్_కాకి | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఇండియా నుంచి అమ్మానాన్న డబ్బు పంపితే సొలిసిటర్ ఎందుకన్ని ప్రశ్నలు వేస్తాడు? బ్యాంకు నుంచి బ్యాంకుకే కదా వచ్చింది?

వడ్డీ_లెక్క | బుధవారం, మధ్యాహ్నం 1:30

మనీ లాండరింగ్ చట్టం సొలిసిటర్‌కీ వర్తిస్తుంది కాకి గారూ. డబ్బు ఏ దారిన వచ్చిందో కాదు, మొదట ఎక్కడ పుట్టిందో అడుగుతారు. పొలం అమ్మితే ఆ సేల్ డీడు, ఎఫ్‌డీ అయితే ఆ స్టేట్‌మెంటు, పీఎఫ్ అయితే ఆ పత్రం. సేల్ డీడు తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లిషు అనువాదం ముందే చేయించి పెట్టండి. బ్యాంకుకి గిఫ్ట్ లెటర్ కావాలి: తిరిగి అడగం, ఇంట్లో మాకు వాటా లేదు అని అమ్మానాన్న సంతకం చేసింది. పన్ను వైపు చూస్తే తల్లిదండ్రుల నుంచి పిల్లలకి జీవితకాలంలో 4 లక్షల యూరోల వరకు (2024 అక్టోబరు 2 నుంచి) పన్ను పడదు, కానీ అందులో 80 శాతం దాటితే రిటర్ను వేయాలి.

ఇండియా వైపు ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్లు ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. తర్వాత రిటర్నులో తిరిగొస్తుంది గానీ అప్పటికి చేతిలో ఉండదు. 10 శాతం డిపాజిట్ లెక్క వేసుకునేటప్పుడు ఇది మరిచిపోయి చివరి వారంలో చేతులు ఖాళీ చేసుకునేవాళ్లున్నారు.

కాగితాల_కట్ట | బుధవారం, రాత్రి 7:55

మనవాళ్ల ఫైళ్లలో మాత్రమే కనిపించే ఇంకో చిక్కు ఉంది: పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పీపీఎస్ (ఇక్కడి వ్యక్తిగత గుర్తింపు నంబరు) రికార్డులో ఇంటిపేరు స్థానంలో సొంతపేరు, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరం, పెళ్లి సర్టిఫికెట్‌లో భార్యకి పుట్టింటి పేరు. స్టాంప్ డ్యూటీ రిటర్నుకి ఇరుపక్షాల పీపీఎస్ నంబర్లు కావాలి. కాంట్రాక్టు, లోన్ ఆఫర్, బీమా పాలసీ, ట్రాన్స్‌ఫర్ డీడు అన్నిటిలో పేరు ఒక్క తీరుగా ఉండాలి. లోన్ అప్లై చేసే ముందే పాస్‌పోర్టు పేరుకి అన్నీ సరిచేయించుకుంటే ఒక్క రోజు పని. ఆఫర్ లెటర్ వచ్చాక పేరు మార్చమంటే బ్యాంకు కొత్త ఆఫర్ ఇవ్వాల్సి వస్తుంది.

అమ్మేటప్పుడు: 1976 ఫ్యామిలీ హోమ్ ప్రొటెక్షన్ చట్టం ఉంది. ఇల్లు భర్త ఒక్కడి పేరున ఉన్నా, అది సంసారం చేసిన ఇల్లయితే భార్య ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేకపోతే అమ్మకం చెల్లదు. అటుదీ అంతే, ఇల్లు భార్య పేరున ఉంటే భర్త ఒప్పుకోవాలి. దాంతోపాటు పెళ్లి సర్టిఫికెట్ జత చేసిన డిక్లరేషన్ ఇవ్వాలి. శుభలేఖ, గుడిలో రసీదు చెల్లవు, రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్టే కావాలి. ఇద్దరిలో ఒకరు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటే నోటరీ ముందు సంతకం, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర), అసలు కాగితం కొరియర్‌లో. స్కాన్ కాపీతో క్లోజింగ్ (డబ్బు చెల్లించి తాళాలు తీసుకోవడం) అవుతుందనుకోకండి. పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేటట్టయితే ఆ ఇంటి అడ్రసు, ఈ అమ్మకం పేర్కొంటూ ప్రత్యేకంగా రాయించండి, ముసాయిదా ఇక్కడి సొలిసిటర్ దగ్గర నుంచే తీసుకోండి. ఊళ్లో డాక్యుమెంట్ రైటర్ రాసిన జనరల్ పవర్ ఇక్కడ తిరిగొస్తుంది.

గోదారి_గట్టు | బుధవారం, రాత్రి 8:20

అపార్ట్‌మెంటు అయితే ఇవన్నీ తక్కువేగా? పెరడు లేదు, ఎక్స్‌టెన్షన్ లేదు.

ఫోలియో_పురుగు | బుధవారం, రాత్రి 8:45

ఎక్స్‌టెన్షన్ పోయి మేనేజ్‌మెంట్ కంపెనీ (బ్లాకు ఉమ్మడి భాగాలు చూసేది) వస్తుంది. 2011 మల్టీ యూనిట్ డెవలప్‌మెంట్స్ చట్టం కింద సర్వీస్ చార్జీ ఎంత, బకాయి ఉందా, సింకింగ్ ఫండ్‌లో (పెద్ద రిపేర్లకి దాచిన నిధి) ఎంతుంది, బ్లాకు ఇన్సూరెన్సు, ఆడిట్ లెక్కలు, పెద్ద రిపేర్లు రాబోతున్నాయా అని ప్రశ్నల జాబితా వెళ్తుంది. ఆ కంపెనీ ఏజెంట్లు ఫీజు తీసుకునిగానీ జవాబివ్వరు, ఫీజు అమ్మేవారు కట్టేదాకా ఫైలు ముట్టరు. 1991 నుంచి 2013 మధ్య కట్టిన బ్లాకులైతే అగ్నిరక్షణ లోపాల గురించి విడిగా అడగండి. జవాబుల్లో "ఏమీ తెలియదు" అని ఉంటే అది "లేదు" అన్నట్టు కాదు.

లూకన్_లోగిలి | గురువారం, ఉదయం 9:00

మరి అమ్మేవాళ్లు ముందే ఏమేం పెట్టుకోవాలి? అటువైపు ఉన్న సభ్యుల కోసం అడుగుతున్నాను.

కాగితాల_కట్ట | గురువారం, మధ్యాహ్నం 1:15

ఏజెంటును పిలిచే ముందే సొలిసిటర్‌ని పెట్టుకుని (అతను ఖర్చుల అంచనా రాతపూర్వకంగా ఇవ్వాలి, చట్టం అది) దస్తావేజుల అనుమతి పత్రం మీద సంతకం చేసేయండి. ఇంటి ఫొటోలు తీసేలోపు కట్ట దారిలో ఉంటుంది. ఎల్పీటీ (ఇంటి పన్ను) చెల్లింపుల చరిత్ర రెవిన్యూ (ఇక్కడి పన్ను శాఖ) సైట్ నుంచి తీసుకోండి, విలువ తక్కువ చూపించి ఉంటే ఇప్పుడే సరిచేయండి. అద్దెకిచ్చిన ఇళ్లకి ఎన్‌పీపీఆర్ చార్జీ అని 2009 నుంచి 2013 దాకా ఏడాదికి 200 యూరోలు ఉండేది, కట్టనివాళ్లకి జరిమానాలతో కలిపి 7,230 దాకా పెరిగింది. 2025 మార్చి 31తో ఆ పీడ ముగిసింది, పాత వ్యాసాలు చదివి భయపడకండి.

అద్దెదారు ఉంటే ఇల్లు ఖాళీ అయ్యాకే సేల్ అగ్రీడ్ చెప్పండి. నోటీసు లెక్క అద్దెకాలాన్ని బట్టి నెలల్లో ఉంటుంది, ఒక్క తేదీ తప్పు రాసినా మొదటికొస్తుంది. వారసత్వపు ఇల్లయితే ప్రొబేట్ (చనిపోయినవారి ఆస్తిని అమ్మడానికి ఇచ్చే అధికార పత్రం) రాకుండా క్లోజింగ్ జరగదు. ఇండియాలో స్థిరపడి ఇక్కడి ఇల్లు అమ్మేవాళ్లు, ధర 10 లక్షల యూరోలు దాటితే సీజీ50 క్లియరెన్స్ (లాభంపై పన్ను గురించి రెవిన్యూ ఇచ్చే పత్రం) తెచ్చుకోవాలి. అది లేకపోతే కొనేవారు 15 శాతం పట్టుకుని రెవిన్యూకి కట్టాలి.

నావన్_నేస్తం | గురువారం, రాత్రి 9:30

ఆఖరి ప్రశ్న. కాంట్రాక్టులు అయిపోయాయి, క్లోజింగ్ తేదీ ఉంది. ఆ రోజు కూడా ఆగుతుందా?

ఫోలియో_పురుగు | గురువారం, రాత్రి 10:10

ఆగొచ్చు. ముందురోజో ఆ ఉదయమో కొనేవారి సొలిసిటర్ సెర్చులు చేయిస్తాడు: ఫోలియో, కోర్టు తీర్పులు, దివాలా, షెరిఫ్. పేరు కలిసిన ఏదో ఒక తీర్పు బయటపడితే "అది మా క్లయింటు కాదు" అని అటువైపు రాసివ్వాలి. పేర్లు మామూలువైతే ఇది తరచూ జరుగుతుంది. తర్వాత డబ్బు. బ్యాంకు అప్పు సొమ్ము కొనేవారి సొలిసిటర్ ఖాతాకి, అక్కడి నుంచి అమ్మేవారి సొలిసిటర్ ఖాతాకి. అది చేరిందని అతను చెబితేనే ఏజెంటు తాళాలు ఇస్తాడు.

ఎవరైనా అసలు క్లోజ్ చేయకుండా సాగదీస్తే, సిద్ధంగా ఉన్న పక్షం కంప్లీషన్ నోటీసు ఇవ్వొచ్చు. 28 రోజుల గడువు. కొనేవారు తప్పితే డిపాజిట్ పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

స్టాంప్ డ్యూటీ (10 లక్షల వరకు 1 శాతం) కూడా ఆ రోజుకే సొలిసిటర్ ఖాతాలో ఉండాలి. రిటర్నుకి 44 రోజుల వెసులుబాటు ఉంది కదా, తర్వాత ఇస్తానంటే ఒప్పుకోరు.

మేస్త్రి_మాట | గురువారం, రాత్రి 10:25

శుక్రవారం క్లోజింగ్ పెట్టుకోకండి. మధ్యాహ్నం దాటి పంపిన డబ్బు బ్యాంకు కటాఫ్ దాటితే సోమవారమే చేరుతుంది. మంగళవారమో బుధవారమో పెట్టుకుని, ఆ ఉదయం ఇంట్లోకి వెళ్లి ఒక చుట్టు చూసి రండి. బాయిలర్ వేసి చూడండి. కరెంటు మీటరు, గ్యాసు మీటరు అంకెలు ఫోనులో ఫొటో తీసుకోండి. షెడ్డు తలుపు తెరిచి చూడండి, పాత పరుపులు, పెయింటు డబ్బాలు వదిలేసేది అక్కడే. డబ్బు వెళ్లకముందు మీ సొలిసిటర్‌కి చెబితే వాళ్లే తీయించుకుంటారు. వెళ్లాక చెబితే స్కిప్పు (చెత్త పెట్టె) అద్దె మీదే.